పొర మీద పొర

(ముసఫ్ఫాలో జరిగిన ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఫోను చేసి "ఈసారి సభలో మీరు కూడా ఓ అరగంట మాట్లాడాలి" అన్నప్పుడు నేను నిజంగానే కంగారుపడ్డాను. నాకు సాహిత్యం రాదు. వేదాంతం అంతకన్నా రాదు. ఈ ముసఫ్ఫాలో ఒక సైన్‌బోర్డుల దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని బోర్డులకూ బ్యానర్లకూ బొమ్మలు కూర్చేవాణ్ణి. ఆ మాటే ఆయనతో అన్నాను. "అదే చెప్పండి. మన కుర్రాళ్ళు చాలామంది ఆ పని ఎలా మొదలుపెట్టాలో అడుగుతున్నారు" అన్నారాయన. అందుచేత ఈ రోజు ఫొటోల పనిలో ఓనమాలనదగ్గ ఒక్క విషయం గురించే మాట్లాడతాను. ఆ విషయం పేరు 'లేయరు'. మన భాషలో పొర.

ఇంతకూ పొర అనేది నాకు కంప్యూటరు నేర్పలేదు. మా ఊరు పెడన. మా నాన్నగారు కలంకారీ అద్దకం పనివారు. చిన్నప్పుడు బడి వదలగానే ఆయన బల్ల దగ్గరే నా ఆట. అద్దకం చూసినవారికి తెలుసు, ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. టేకు చెక్కమీద చెక్కిన గీతల అచ్చు ఒకటి, ఎరుపు పడవలసిన చోటుకు మరొకటి, ఇంకో రంగుకు ఇంకొకటి. ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన నలుపుతో గీతలు అద్దుతారు. ఆ పైన తక్కిన అచ్చులు వరుసగా పడతాయి. అన్నీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటేనే పువ్వు. ఒక్క అచ్చు వెంట్రుకవాసి జరిగినా ఆకు ఒకచోట, దాని రంగు ఒకచోట. "తొందరపడకురా, ఏ అచ్చు పని ఆ అచ్చుది" అనేవారు నాన్నగారు. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

కంప్యూటరులో లేయరు అంటే ఒక గాజుపలక అనుకోండి. అడుగున మీ ఫొటో ఉంది. దానిమీద ఒక గాజుపలక పెట్టి, ఆ పలకమీద పువ్వు వేశారు. పైనుంచి చూస్తే ఫొటోలో పువ్వున్నట్టే కనిపిస్తుంది. పలక తీసేస్తే ఫొటో యథాతథంగా ఉంటుంది. ఇంకో పలక పెట్టి దానిమీద అక్షరాలు రాయవచ్చు. ఆ పలకలను కిందికీ పైకీ మార్చవచ్చు. పై పలకలో ఉన్నది కింది పలకలో ఉన్నదాన్ని కప్పుతుంది. ఇంతే సంగతి. మిగతా ఆటంతా ఈ సూత్రంమీదనే నడుస్తుంది.

ఇది మొదటినుంచీ ఉన్న సదుపాయం కాదని తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫొటోషాప్‌ను అడోబీ సంస్థ 1990లో విడుదల చేసింది. అందులో లేయర్లు లేవు. ఒక బొమ్మ తెచ్చి మరో బొమ్మమీద అతికించి వదిలేశారంటే అది అంటుకుపోయినట్టే. గోడమీద తడి రంగు వేసినట్టన్నమాట. 1994లో వచ్చిన మూడో కూర్పులోగాని లేయర్లు రాలేదు. ఆ ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కనిపించే పేర్ల వరుసలో సీతారామన్ నారాయణన్ అన్న పేరును చాలా ఏళ్ళు చూశాం. మన దేశపు పేరు అక్కడ కనబడితే పరాయిదేశంలో కూర్చున్న మాబోటివాళ్ళకు అదో సంతోషం.

ఫొటోషాప్‌కు డబ్బు కట్టాలి. కట్టలేనివారు దిగులుపడనక్కరలేదు. గింప్ అనేది పూర్తిగా ఉచితం. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు మొదలుపెట్టగా 1996లో లోకానికి అందింది. ఫొటోపీ అనేదాన్ని కంప్యూటరులో ఎక్కించుకోనవసరం కూడా లేదు. బ్రౌజరులో తెరిస్తే చాలు. క్యాంపు గదుల్లో ఉండే తమ్ముళ్ళకు కంప్యూటరు ఉండదు, ఫోనే ఉంటుంది. ఫోనులో ఐబిస్ పెయింట్ వంటి వాటిలోనూ లేయర్లున్నాయి. పేర్లు వేరైనా పొరల పద్ధతి అన్నిటిలోనూ ఒకటే.

ఉత్త సూత్రాలు చెబితే నిద్ర వస్తుంది. ఒక పని తీసుకుని మొదటినుంచి చివరిదాకా చెబుతాను. ఇది నా చేతిమీదుగా జరిగిన పనే.

కొంతకాలం కిందట మా దుకాణానికి ఒక తమ్ముడు వచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు. ఇక్కడే ఒక వర్క్‌షాపులో వెల్డింగు పని. ఫోను తీసి పెళ్ళి ఫొటో చూపించాడు. పందిట్లో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, తల్లి, చుట్టాలు, ముందు వరుసలో గౌను వేసుకున్న నాలుగేళ్ళ పాప. "అన్నా, మా చెల్లె పెండ్లి. సెలవు దొరకలే, పోలేకపోయిన. గీ ఫొటోల నన్ను గూడ నిలవెట్టరాదే. మా అవ్వ సంబురపడ్తది" అన్నాడు. ఆ పెళ్ళికి డబ్బు పంపినవాడు అతనే. పందిట్లో లేనివాడూ అతనే. ఈ సభలో అలాంటివారు ఎంతమంది ఉన్నారో నేను లెక్క అడగను.

సరే, పనిలోకి వద్దాం.

మొదటి మెట్టు, మంచి ఫొటో సంపాదించడం. ఆ తమ్ముడికి ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. అలా పంపితే ఫొటో చిక్కిపోతుంది. అదే ఫొటోను 'డాక్యుమెంటు'గా పంపమని ఇంటికి చెప్పించాను. ఆరంగుళాలకు నాలుగంగుళాల ప్రింటు బాగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800కు 1200, అంటే 21 లక్షల 60 వేల చుక్కలుండాలి. చుక్కకు మూడు బైట్ల చొప్పున నిండుగా ఉన్న ఒక్కొక్క పొరకు సుమారు 65 లక్షల బైట్లు. పది పొరలు పెడితే పదింతలు. 'నా కంప్యూటరు నత్తలా నడుస్తోంది' అనేవారికి కారణం ఇక్కడే ఉంది. అక్కరలేని పొరలు తీసేయండి. అక్కరకొచ్చేవాటిని మాత్రం తొందరపడి కలిపేయకండి.

రెండో మెట్టు, అసలు ఫొటోను ముట్టుకోకపోవడం. తెరిచీ తెరవగానే చేయవలసిన పని ఒకటే. ఆ పొరకు నకలు తీయండి. ఫొటోషాప్‌లోనూ ఫొటోపీలోనూ కంట్రోల్ మీట నొక్కిపట్టి 'జె' నొక్కితే నకలు వస్తుంది. పని అంతా నకలుమీద. అడుగున ఉన్న అసలుకు తాళం బొమ్మ ఉంటుంది, వేసి ఉంచండి. ఇంట్లో దస్తావేజు పెట్టెలో పెట్టి, జిరాక్సు కాపీ చేత్తో పట్టుకు తిరుగుతాం చూడండి, అలా.

మూడో మెట్టు, పొరలకు పేర్లు పెట్టడం. కంప్యూటరు తనంతట తాను 'లేయర్ 1', 'లేయర్ 2' అని పెడుతుంది. ఇరవై అయ్యాక ఏది ఏమిటో బ్రహ్మకు కూడా తెలియదు. పేరుమీద రెండుసార్లు నొక్కి 'పందిరి', 'తమ్ముడు', 'నీడ', 'అక్షరాలు' అని రాసుకోండి. పేరు పక్కనే కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే కన్ను మూసుకుని పొర మాయమవుతుంది. మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. పొర ఎక్కడికీ పోలేదు, కనిపించడం లేదంతే. ఈ కన్ను సంగతి గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పనుంది.

నాలుగో మెట్టు, మనిషిని తెచ్చి పెట్టడం. ఆ తమ్ముడు వర్క్‌షాపు దుస్తుల్లోనే వచ్చాడు. పక్క గదిలో ఉండే స్నేహితుడి తెల్లచొక్కా తొడిగించి, దుకాణంలో తెల్ల వినైలు షీటు ముందు నిలబెట్టి ఫొటో తీశాను. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. ఎలాపడితే అలా తీసి, తరువాత కంప్యూటరే చూసుకుంటుంది అనుకుంటారు. చూసుకోదు. పెళ్ళి ఫొటోలో వెలుతురు ఎదురుగా వచ్చింది కాబట్టి ఇక్కడా ఎదురుగానే వెలుతురు పెట్టాలి. అక్కడ కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఇక్కడా అంతే ఎత్తులో పట్టాలి. ముసఫ్ఫా మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన మనిషిని సాయంకాలపు పందిట్లో నిలబెడితే, ఏం తేడాయో చెప్పలేకపోయినా, చూసినవాడి కన్ను ఏదో తేడా ఉందని పట్టేస్తుంది.

ఐదో మెట్టు అన్నిటికన్నా ముఖ్యం. దాని పేరు 'మాస్కు'. మనిషి చుట్టూ ఉన్న తెల్లషీటు పోవాలి. కొత్తవారు రబ్బరు బొమ్మ తీసుకుని చెరిపేస్తారు. చెరిపితే పోయింది పోయినట్టే. చెవి కూడా చెరిగిపోయిందని రేపు తెలిస్తే ఏం చేస్తారు? మాస్కు చెరపదు, దాస్తుంది. పొరకు ఒక ముసుగు తగిలిస్తాం. ఆ ముసుగుమీద తెలుపు వేసినచోట పొర కనిపిస్తుంది. నలుపు వేసినచోట దాగిపోతుంది. బూడిదరంగు వేస్తే సగం కనిపించీ కనిపించకుండా ఉంటుంది. ఎక్కువ దాచామనుకుంటే మళ్ళీ తెలుపు వేస్తే సరి, దాగిన చెవి తిరిగి వస్తుంది. జుట్టు అంచుల దగ్గర మెత్తని కుంచె వాడండి. కత్తెరతో కత్తిరించినట్టుంటే దొరికిపోతారు.

ఇది నాకు మొదటిసారి అర్థమైనప్పుడు మా నాన్నగారి పటికే గుర్తుకొచ్చింది. కలంకారీలో ఎరుపు రావలసినచోట ముందుగా పటిక అద్దుతారు. తరువాత బట్టను రంగు కాగులో వేసి ఉడికిస్తారు. రంగునీళ్ళు బట్టకంతా తగులుతాయి. కాని పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పటిక తానుగా రంగు కాదు. రంగు ఎక్కడ నిలవాలో చెప్పేది. మాస్కు కూడా అంతే. అది బొమ్మ కాదు, బొమ్మ ఎక్కడ కనిపించాలో చెప్పేది.

మన సినిమాలవారు కూడా కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ ముసుగు విద్యతోనే నెట్టుకొచ్చారు. కెమెరా కటకానికి సగం నల్లగా మూసి ఒక పాత్రను తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి అదే నటుణ్ణి మరో పాత్రగా తీసేవారు. 1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఇద్దరు రామారావులను చూసి మన పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చూపిన చమత్కారాలను నేటికీ చెప్పుకుంటున్నాం. వారికి కన్ను మూసి తెరిచే బొమ్మ లేదు. ఒక్క పొరపాటు జరిగితే ఫిల్ము దండగ. మనకు ఇన్ని సదుపాయాలుండీ బద్ధకిస్తే ఎలా చెప్పండి?

ఆరో మెట్టు, రంగు సరిపెట్టడం. పందిట్లో పసుపుపచ్చని వెలుతురు, మా దుకాణంలో ట్యూబులైటు నీలం. కాబట్టి తమ్ముడు పచ్చని పందిట్లో నీలంగా నిలబడ్డాడు. ఇక్కడ 'ఎడ్జస్ట్‌మెంట్ లేయరు' కావాలి. ఇది 1996లో ఫొటోషాప్ నాలుగో కూర్పుతో వచ్చింది. ఇందులో బొమ్మ ఉండదు, ఆజ్ఞ ఉంటుంది. 'నా కిందున్నవన్నీ కాస్త పచ్చబడాలి' అన్నది ఆ ఆజ్ఞ. రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నట్టు. అయితే దాన్ని తమ్ముడి పొరకు మాత్రమే 'క్లిప్' చేయాలి. లేకపోతే పెళ్ళికూతురు కూడా పచ్చబడిపోతుంది. ఆ ఆజ్ఞను రేపైనా మార్చుకోవచ్చు, ఎల్లుండైనా తీసేయవచ్చు. మన ఇళ్ళల్లో ఎర్రబడిపోయిన పాత ఆల్బం ఫొటోలను బాగుచేయడానికి కూడా ఇదే మందు.

ఏడో మెట్టు, నీడ. నేలమీద నీడ లేని మనిషి దయ్యంలా ఉంటాడు. కాళ్ళ దగ్గర కొత్త పొర పెట్టి మెత్తని కుంచెతో నల్లగా పూసి, ఒపాసిటీ తగ్గించండి. ఒపాసిటీ అంటే పొర ఎంత చిక్కగా ఉండాలన్న లెక్క. నూటికి నూరైతే కింది బొమ్మను పూర్తిగా కప్పుతుంది. నలభై అయితే పలచని తెరలా ఉంటుంది. పక్కవారి నీడ ఏ వైపు పడిందో, ఎంత చిక్కగా ఉందో చూసి అంతే పెట్టండి.

ఇక్కడే 'బ్లెండ్ మోడ్' అనే మాట వస్తుంది. భయపడకండి. పైపొర కిందిపొరతో ఎలా కలవాలన్నదే దాని అర్థం. ముఖ్యమైనవి రెండు చెబుతాను. 'మల్టిప్లై' అంటే గుణకారం. తెలుపుకు 255, నలుపుకు 0 అనుకుని, రెండు పొరల అంకెలను గుణించి 255తో భాగిస్తుంది. పైన తెలుపుంటే కిందిది మారదు. రెండూ 128 అయితే ఫలితం 64, అంటే ఇంకా ముదురు. కాగితంమీద నల్లసిరాతో వేసిన ముగ్గును స్కాను చేసి ఉగాది కార్డుమీద పెట్టి మల్టిప్లై అనండి. తెల్లకాగితం మాయమై ముగ్గు మిగులుతుంది. 'స్క్రీన్' దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానిలో నలుపు మాయమవుతుంది. దీపావళి రాత్రి తీసిన చిచ్చుబుడ్డి ఫొటోను ఏ ఇంటి ముందైనా పెట్టి స్క్రీన్ అనండి. రాత్రి పోయి నిప్పురవ్వలు మిగులుతాయి. 'కలర్' అని ఇంకొకటుంది. కింది ఫొటోలోని వెలుగునీడలను అలాగే ఉంచి పైపొర రంగును మాత్రం తీసుకుంటుంది. 'మాయాబజార్'ను 2010లో రంగుల్లో చూశాం కదా. ఇంట్లో ఉన్న ఒక్క నలుపు తెలుపు ఫొటోకు మనం చిన్న ఎత్తున ఈ మోడ్‌తో రంగులద్దుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు, తెలుగు అక్షరాలు. ఇది మనవాళ్ళను ఏడిపించే చోటు. 'శ్రీరస్తు' అని రాస్తే వత్తులూ గుడులూ విడిపోయి, ముక్కలు ముక్కలుగా వస్తుంది. తప్పు తెలుగుది కాదు. ఫొటోషాప్‌లో టైపు అమరికల్లో దక్షిణాసియా భాషల కూర్పు ఒకటుంది. కొత్త కూర్పుల్లో దాని పేరు 'వరల్డ్ రెడీ'. అది ఎంచుకుంటే అక్షరాలు కూడుకుంటాయి. పాత డీటీపీ దుకాణాల అను ఫాంట్లు వేరు, యూనికోడ్ వేరు. ఆ ఫాంట్లతో కొట్టినదాన్ని యూనికోడ్ ఫాంటులోకి మారిస్తే పిచ్చిరాతలా కనిపిస్తుంది. అక్షరాల పొరను 'రాస్టరైజ్' చేశారంటే అది అక్షరం కాకుండా బొమ్మ అయిపోతుంది. అప్పుడు అక్షరదోషం దిద్దలేరు. పెళ్ళికొడుకు పేరు తప్పు పడిందని రాత్రి పదకొండింటికి ఫోను వస్తుంది. అందుచేత దిద్దేదాకా అక్షరాన్ని అక్షరంగానే ఉంచండి.

ఆఖరి మెట్టు, దాచడం. జేపెగ్ అని దాస్తే పొరలన్నీ అణిగి ఒకటైపోతాయి. పీఎస్‌డీ అని దాస్తే, గింప్‌లో అయితే ఎక్స్‌సీఎఫ్ అని దాస్తే, పొరలు పొరలుగానే ఉంటాయి. పంపేది జేపెగ్, దాచుకునేది పీఎస్‌డీ. ఈ ఒక్క మాట రాసుకోండి. నేను పనిలో చేరిన కొత్తల్లో, పది అడుగులకు నాలుగు అడుగుల బ్యానరు ఒకటి మూడు రాత్రులు కూర్చుని చేసి, ఫైలు బరువెక్కిందని పొరలన్నీ అణగగొట్టి దాచాను. మర్నాడు ఒక్క ఫోను నంబరు మార్చమన్నారు. మళ్ళీ మొదటినుంచి చేశాను. ఆ నెల జీతంలో కొంత కోత కూడా పడింది. అప్పటినుంచి పొరలున్న ఫైలు లేకుండా ఏ పనీ ముగించలేదు.

ఆ అలవాటు నన్ను ఎక్కడ కాపాడిందో చెబుతాను.

తమ్ముడి ఫొటో బాగా కుదిరింది. తల్లి పక్కన, పందిరి గుంజకు ఆనుకుని, నిజంగా అక్కడే ఉన్నట్టున్నాడు. సంతోషంగా ఇంటికి పంపాడు. నేనూ నా పనితనానికి మురిసిపోయాను. నాలుగు రోజులకు అతను మళ్ళీ వచ్చాడు. ముఖంలో కళ లేదు. "ఏమైంది తమ్ముడూ, అమ్మగారికి నచ్చలేదా?" అన్నాను. "అవ్వకు మంచిగనే అనిపించింది అన్నా. పోరితోనే వచ్చింది తంటా" అన్నాడు. ఆ నాలుగేళ్ళ పాప ఫొటో చూసి వాళ్ళమ్మను అడిగిందట, "బాపు అత్త పెండ్లికి వచ్చిండా? మరి నాతోని మాట్లాడకుంటనే పోయిండా?" అని. అప్పటినుంచి తండ్రి ఫోను చేస్తే పలకడం లేదు. అలిగింది. "అన్నా, నన్ను అండ్లకెల్లి తీసెయ్యి" అన్నాడతను.

నాకు మాట రాలేదు. వెలుతురు చూశాను, నీడ చూశాను, జుట్టు అంచులు చూశాను. ముందు వరుసలో నిలబడి ఉన్న పాపను చూడలేదు. పెద్దవాళ్ళకు అది కోరిక తీర్చిన బొమ్మ. పసిదానికి అది సాక్ష్యం.

ఫైలు పొరలతోనే ఉంది. తెరిచాను. బోటిమ్‌లో ఇంటికి వీడియో కాల్ కలిపి, అతని ఫోనును నా తెర ముందు పట్టుకోమన్నాను. పాపను పిలిపించారు. 'తమ్ముడు' అన్న పొర పక్కనున్న కన్ను మూశాను. పందిట్లో అతను లేడు. తెరిచాను. ఉన్నాడు. మూశాను, తెరిచాను. పాపకు కాసేపు అర్థం కాలేదు. తరువాత "బాపు పోయిండు!" అంది. తెరిస్తే "బాపు వచ్చిండు!" అంది. నవ్వు మొదలైంది. "ఇంకోపారి" అంది. ఎన్నిసార్లు మూసి తెరిచానో లెక్కలేదు. చివరికి తండ్రితో తనంతట తానే మాట్లాడింది. "నువ్వు రాలేదు గదా బాపూ, మామ నిన్ను అతికిచ్చిండు గదా" అంది. "అవును బిడ్డా, రాలే" అన్నాడతను. ఆ మాట అనడానికి అతనికి కొంతసేపు పట్టింది.

తరువాత ఆ ఫొటోను ఇంకోలా చేశాం. తమ్ముణ్ణి పందిట్లోంచి తీసి, పైమూలలో చిన్న గుండ్రని చట్రంలో పెట్టాం. ఊరినుంచి దూరంగా ఉన్నవాడు దూరంగానే ఉన్నట్టు. కింద 'ముసఫ్ఫా నుంచి' అని ఒక అక్షరాల పొర. తల్లికి కూడా అదే నచ్చిందట.

అందుకే కొత్తగా నేర్చుకునేవారికి మూడు మాటలు మనవి చేసుకుంటాను. మొదటిది, అతికించిన ఫొటోను అతికించిన ఫొటో అని చెప్పండి. ప్రింటు వేస్తే వెనకాల రాయండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆల్బం తిరగేసే పిల్లలకు తెలియాలి.

రెండోది, కాగితాల జోలికి వెళ్ళకండి. పాస్‌పోర్టు, వీసా, సర్టిఫికెట్టు, జీతం పత్రం, వీటిమీద ఒక్క అంకె మార్చమని ఎంత దగ్గరివాడు అడిగినా కాదనండి. అది సాయం కాదు, నేరం. పాస్‌పోర్టు ఫొటోకు మెరుగులు దిద్దడం కూడా వద్దు. 2025 సెప్టెంబరు నుంచి మన రాయబార కార్యాలయాలు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఉన్న ఫొటోనే కోరుతున్నాయి. సాఫ్ట్‌వేరుతో మార్చినది పనికిరాదు.

మూడోది, ఇతరుల ఫొటోలతో ఆటలాడకండి. ఈ దేశంలో 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఒకరి ఫొటో తీయడం, దాన్ని పంచడం, పరువు తీసేలా మార్చడం, ఇవన్నీ జైలుకూ భారీ జరిమానాకూ దారితీస్తాయి. 'సరదాకి చేశాను' అన్న మాట అక్కడ చెల్లదు. గదిలో స్నేహితుడి ముఖం తెచ్చి ఏ కోతిమీదో పెట్టి గ్రూపులో పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, 'నన్ను పందిట్లో నిలబెట్టు' అని ఒక్క వాక్యం రాస్తే క్షణంలో చేసిపెడుతుంది, ఇంకా ఈ పొరలెందుకని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. కాని అది సాధారణంగా మన చేతికిచ్చేది అణగగొట్టిన బొమ్మ. ఏది అసలు, ఏది అతుకు అని అడిగితే చూపించడానికి అందులో కన్ను బొమ్మ ఉండదు. పొరలున్న ఫైలు పద్దుపుస్తకం లాంటిది. ఏం కలిపామో, ఎక్కడ కలిపామో అందులో ఉంటుంది. అవసరమైతే తీసి చూపించవచ్చు. ఆ పాపకు నేను చూపించగలిగింది అందువల్లనే.

నేర్చుకోవాలనుకునేవారు శుక్రవారం సాయంత్రాలు నన్ను కలవండి. డబ్బు అక్కరలేదు. మీ ఇంటి ఫొటో ఒకటి తెచ్చుకోండి చాలు. మొదటి రోజున అసలు పొరకు తాళం వేయడం ఒక్కటే నేర్పుతాను.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ తమ్ముడికి ఆ మరుసటి ఏడు సెలవు దొరికింది. ఊరికి వెళ్ళి, పాపను ఎత్తుకుని ఇంటి వాకిట్లో దిగిన ఫొటో నాకు పంపాడు. పాప కళ్ళు మూసుకుంది. అతని చొక్కా నలిగి ఉంది. వెనకాల బట్టల తాడు కనిపిస్తోంది. "అన్నా, జర మంచిగ చెయ్యి" అని రాశాడు. తెరిచి చూశాను. ఒకే పొర. ఏమీ చేయకుండా పెద్ద ప్రింటు వేసి పంపాను.